విరామంలో ఉన్నవారి మాట వినబడదు

మనుషులు రాసినదాన్ని బట్టి పేరు తెచ్చుకుంటారు. పొట్నూరు సన్యాసిరావు మాత్రం రాయకుండా వదిలేసిన నాలుగు పంక్తుల వల్ల పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు ఒక్క ఆఫీసు గడప దాటి బయటికి పోలేదనుకోండి, కానీ లోపల ఉన్నంత మేరకు దాన్ని మొయ్యలేక చచ్చాడు. అతని గురించి ఇంత చులకనగా మాట్లాడుతున్నానేమిటని అనుకోకండి. సన్యాసిరావు గురించి సన్యాసిరావు చెప్పుకునేవాటిలో సగం కూడా నేను చెప్పడం లేదు.

ఆ ఆఫీసు పేరు జలమట్టాల నమోదు సంస్థ. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో రెండంతస్తుల పాత మేడ. జిల్లాలో దాని కిందున్న చెరువులు రెండు వందల పన్నెండు. ఒక్కో చెరువుకీ ఒక లస్కరు. గట్టు కాసుకోవడం, తూము తలుపులకి గ్రీజు రాయడం, పొద్దున్నే ఏడింటికి కొలతరాయి దగ్గరికెళ్ళి నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో చూసి కబురు పెట్టడం అతని పని. ఇదివరకు ఆ కబురు పోస్టుకార్డు మీద వచ్చేది. చెరువు నిండిందన్న వార్త ఆఫీసుకి చేరేటప్పటికి చెరువు సగం ఖాళీ అయ్యేది. ఎవరికీ తొందర లేదు, ఎవరికీ ఫిర్యాదూ లేదు, సంస్థ చల్లగా నడిచిపోయేది.

అప్పుడు దువ్వూరి విశ్వపతి గారు డైరెక్టరుగా వచ్చారు. ఆయనకి కొత్తదనం అంటే ఎంత ఇష్టమంటే, వచ్చిన వారంలోనే ఆఫీసు మెట్లకి నంబర్లు వేయించారు. మీటలు నొక్కే ఫోన్ల రోజులవి. వాటిలో జావా అనే భాషలో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు నడిచేవి. లస్కరు ఫోనులో అంకె కొట్టి పంపితే తన బల్ల మీదున్న కంప్యూటర్లో కనబడాలని డైరెక్టరు గారు ఆదేశించారు. ఆ ప్రోగ్రాము రాసే బాధ్యత, ఆఫీసులో జావా వచ్చని చెప్పుకునే ఏకైక మనిషి సన్యాసిరావు మీద పడింది. అతను కాంట్రాక్టు ఉద్యోగి. ఎడతెగకుండా ఐదేళ్ళ సర్వీసు నిండితే పర్మినెంటు చేస్తామని సంస్థ నిబంధన. నాలుగున్నరేళ్ళు నిండాయి. మిగిలిన ఆర్నెల్లూ ఎవరి కంటా పడకుండా గడిపేస్తే చాలన్నదే అతని జీవితాశయం.

జావా ఫోనుకి ఒక పట్టింపు ఉంది. ప్రతి ప్రోగ్రాములోనూ మూడు గదులుండాలంటుంది. మొదలైనప్పుడు ఏం చెయ్యాలో ఒక గదిలో రాయాలి. మధ్యలో ఫోను మోగి పక్కకి తప్పుకోవాల్సి వస్తే ఏం చెయ్యాలో, ఏం దాచుకోవాలో రెండో గదిలో రాయాలి. పూర్తిగా ముగిసిపోయేటప్పుడు చెయ్యాల్సింది మూడోదాన్లో. మూడు గదులూ ఉన్నాయో లేదో చూస్తుందే తప్ప లోపల సామానుందా అని తొంగిచూడదు. సన్యాసిరావు మొదటి గదిలో 'నీటిమట్టం సున్నా' అని మొదలుపెట్టి మిగతాదంతా శుభ్రంగా రాశాడు. రెండో గదికి గోడలు కట్టి, తలుపు పెట్టి, లోపల 'తర్వాత చూద్దాం' అని తనకి తానే ఒక చీటీ రాసుకుని వచ్చేశాడు. తర్వాత చూడలేదు.

అంటే జరిగేదేమిటి? లస్కరు పద్నాలుగు అని కొడతాడు. ఆ క్షణంలో ఎవరో ఫోను చేస్తారు. ప్రోగ్రాము పక్కకి తప్పుకుంటుంది, కొట్టిన అంకెని ఎక్కడా దాచుకోదు. మాట్లాడడం అయ్యాక మళ్ళీ మొదటి గదిలోంచి వస్తుంది, అక్కడ సున్నా రాసి ఉంది. లస్కరు చూసుకోకుండా మీట నొక్కుతాడు. నిండు చెరువు డైరెక్టరు గారి బల్ల మీద ఎండిపోతుంది.

సన్యాసిరావు పరీక్షించకుండా పంపాడని అనకూడదు. మూడు వారాలు తన ఫోన్లోనే పెట్టుకుని పరీక్షించాడు. ఆ మూడు వారాల్లోనూ అతనికి ఒక్క ఫోనూ రాలేదు. తనకి ఫోను చేసేవాళ్ళు లేరని గ్రహించాల్సింది పోయి, ప్రోగ్రాము లోపం లేకుండా కుదిరిందని సంతోషించాడు.

జూన్ నెలలో మొదలయ్యాయి సున్నాలు. సోమవారం అరవై చెరువులు ఎండాయి. మంగళవారం అవి నిండి, వేరే డెబ్బై ఎండాయి. పొద్దున్న ఏడింటికి లస్కర్లకి ఇళ్ళనుంచి, అత్తారిళ్ళనుంచి, పాలవాళ్ళ దగ్గరనుంచి ఎన్నేసి ఫోన్లొస్తాయో సన్యాసిరావుకి అప్పుడు తెలిసింది. పాత కాగితాలు తిరగేస్తుంటే ఆ ఖాళీ గది కంటపడింది. నాలుగు పంక్తులు రాస్తే పోతుంది, పావుగంట పని. కానీ దిద్దిన ప్రోగ్రామును ఫోన్లలో మళ్ళీ ఎక్కించాలంటే ఎందుకు ఎక్కిస్తున్నావని అడుగుతారు. అడిగితే తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇక పర్మినెంటు మాట ఎత్తడానికి మొహం ఉండదు. ఇలా ఆలోచిస్తుండగానే డైరెక్టరు గారు పిలిపించారు.

"ఏమిటయ్యా ఇది? మన చెరువులు రోజుకో రకంగా ఉంటున్నాయి?"

అప్పుడు చేసిన పనికి సన్యాసిరావు ఈనాటికీ తనని తాను క్షమించుకోలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మూడు గుండ్రాలు గీశాడు. మధ్యలో బాణాలు వేశాడు. "సార్, ఇది ప్రపంచమంతటా ఉన్న పద్ధతి సార్. ఫోన్లో ప్రతి ప్రోగ్రామూ మూడు స్థితుల్లో ఒకదాన్లోనే ఉంటుంది. పనిలో ఉండడం, విరామంలో ఉండడం, వినష్టం కావడం. పైనుంచి పిలుపొస్తే పనిలో ఉన్నది విరామంలోకి వెళ్ళిపోతుంది సార్" అన్నాడు. గొంతు వణకలేదు, అదొక్కటే మెచ్చుకోదగ్గ విషయం.

డైరెక్టరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. "అంటే, పైనుంచి పిలుపు రాగానే కిందివాడు చేతిలో పని వదిలేసి తప్పుకుంటాడు?"

"తప్పుకోవాలి సార్."

"ఎదురు చెప్పడు?"

"చెప్పలేడు సార్."

"పని మధ్యలో ఆపేశారని మనసులో ఏమీ పెట్టుకోడు?"

సన్యాసిరావు బోర్డు మీది రెండో గుండ్రం వైపు చూశాడు. "మన దాంట్లో ఏమీ పెట్టుకోడు సార్" అన్నాడు. అబద్ధం కాదు.

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. "ముప్ఫై ఏళ్ళుగా నేను పరిపాలనలో వెతుకుతున్నది ఇదేనయ్యా. ఫోనులో ఉన్న క్రమశిక్షణ ఆఫీసులో లేకపోతే మనం మనుషులమా?" అన్నారు. చెరువుల సంగతి మళ్ళీ ఎత్తలేదు. సన్యాసిరావు బతికిపోయాననుకుని కిందికి దిగి రెండు టీలు తాగాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రాసింది సూపరింటెండెంటు మజ్జి భానుమూర్తి. ఆయన భాష వింటే మామూలు మాటలు కూడా ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చినట్టుండేవి. "సాంకేతిక సూత్రముల వెలుగులో, ఇకపై సంస్థ యందలి ప్రతి ఉద్యోగియు సక్రియము, విరామము, వినష్టము అను మూడు స్థితులలో ఏదో ఒక స్థితియందు మాత్రమే ఉండవలెను. ఏ స్థితియందునూ లేకుండుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును" అని మొదలైంది. మెడలో వేసుకోడానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు బిళ్ళలు ఇచ్చారు. కుర్చీ విడిచినవాడు వెంటనే విరామ స్థితి పొందుతాడు. అతని కుర్చీ, పెన్ను, ఫ్యాను ఉమ్మడి వనరులు కాబట్టి స్టోరులో జమవుతాయి. తిరిగొచ్చినవాడు మొదటి నుంచి మొదలుపెట్టాలి, అంటే విధుల్లో చేరుతున్నట్టు కొత్తగా రిపోర్టు రాసివ్వాలి. ఇవన్నీ భానుమూర్తి సన్యాసిరావు ప్రోగ్రామును పక్కన పెట్టుకుని, ఒక్కో గది చూసి, ఒక్కో అంశంగా రాసినవే.

నాలుగో అంశం దగ్గర ఆయన ఆగాడు. "విరామమునకు వెళ్ళునప్పుడు ఉద్యోగి భద్రపరచుకొనవలసినవి" అని శీర్షిక పెట్టి సన్యాసిరావు దగ్గరికొచ్చాడు.

"ఇక్కడ మీ దాంట్లో ఏమీ కనబడదేం?"

"అక్కడ... అక్కడ ఏమీ ఉండదండి."

"ఏమీ ఉండదా, లేక ఏమీ ఉండకూడదా?"

ఇది మంచి ప్రశ్న. జీవితంలో నిజం చెప్పడానికి ఇంత చక్కని అవకాశం ఎవరికీ రాదు. సన్యాసిరావు తల గోక్కుని, "ఉండకూడదండి" అన్నాడు. భానుమూర్తి ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. మర్నాడు ఒక వివరణ కూడా జారీ చేశాడు: "నాలుగవ అంశము క్రింద ఏమియు లేనందున, ఉద్యోగులు ఏమియు భద్రపరచుకొనరాదు."

మొదటి దెబ్బ హైమావతి గారికి తగిలింది. ఆవిడ సీనియర్ అసిస్టెంటు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఒకనాడు పదకొండింటికి అలవాటు కొద్దీ టీకి లేచారు. తిరిగొచ్చేసరికి కుర్చీ లేదు, ఫ్యాను లేదు, ఇరవై రోజులుగా చూస్తున్న ఫైలు మళ్ళీ మొదటి పేజీ దగ్గర తెరిచి ఉంది. భానుమూర్తి కాగితం అందించి చేరిక రిపోర్టు రాయించుకున్నాడు. సర్వీసు రిజిస్టరులో ఆవిడ పేరెదుట, చేరిన సమయం ఈ రోజు పదకొండు ఇరవై అని ఎర్ర సిరాతో ఎక్కించాడు.

"ఇదేటండీ భానుమూర్తిగారూ, నా ముప్ఫై మూడేళ్ళూ ఏవయిపోయాయి?"

"విరామ సమయమున మీరు భద్రపరచుకొనలేదు మేడమ్."

"భద్రపరుచుకోకూడదని మీరే కదండీ కాయితం ఇచ్చారు!"

"అందువలన మీ మీద చర్య లేదు" అన్నాడాయన ఉదారంగా.

హైమావతి గారు నిలబడే ఉండి సన్యాసిరావు వైపు తిరిగారు. "నువ్వేదో ఫోన్లు బాగుచేస్తావనుకున్నాం గానీ బాబూ, ఒక్క టీకి నన్ను కొత్త పెళ్ళికూతురంత లేతగా చేసీసేవు" అన్నారు. అందరూ నవ్వారు. సన్యాసిరావు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఎడతెగని ఐదేళ్ళ సర్వీసుని ఇకనుంచి ఎక్కడినుంచి లెక్కపెడతారో అతనికి అప్పుడు స్ఫురించింది. ఉత్తర్వు వచ్చాక అదృష్టవశాత్తూ అతను కుర్చీ వదల్లేదు, నడుం నొప్పి వల్ల. వెంటనే భానుమూర్తిని అడిగాడు, సాయంత్రం ఐదింటికి ఇంటికెళ్తే సంగతేమిటని.

"పది నుంచి ఐదు వరకే స్థితులు. ఐదు తర్వాత ఆఫీసే నిద్రించును. ఆఫీసే నిద్రించినప్పుడు నీవు విరామమునకు పోవుటకు ఆఫీసెక్కడ?" అన్నాడాయన. తర్కంలో వంక లేదు. ఆగస్టు ఇరవై తొమ్మిది సాయంత్రం ఐదింటికి సన్యాసిరావుకి ఐదేళ్ళు నిండుతాయి. అంతవరకు పది నుంచి ఐదు దాకా కుర్చీ కదలకూడదు, అంతే.

ఈ రహస్యం అందరికీ త్వరలోనే తెలిసిపోయింది. కుర్చీల్లోంచి ఎవరూ లేవడం మానేశారు. పొద్దున్న నీళ్ళు తాగడం మానేశారు. ఆఫీసు ముందు టీ కొట్టువాడు వేరే వీధికి వెళ్ళిపోయాడు. పక్క గదిలో ఉన్న ఫైలు కావాలంటే లేవాలి కాబట్టి అక్కడున్నవాళ్ళు విసిరేవారు, ఇక్కడున్నవాళ్ళు పట్టుకునేవారు. పట్టుకోలేని ఫైళ్ళు నేల మీద పడి ఉండేవి, వంగితే కుర్చీ వదిలినట్టా కాదా అన్నది తేలక. డైరెక్టరు గారు రోజుకోసారి పైనుంచి దిగి వచ్చి, వరసగా వేలాడే ఆకుపచ్చ బిళ్ళలు చూసి పరవశించిపోయేవారు. "నూటికి నూరు సక్రియం! రాష్ట్రంలో ఇంకెక్కడుంది?" అనేవారు. ఆయన మెడలో బిళ్ళ లేదు. ఆయన వ్యవస్థ కాబట్టి, వ్యవస్థకి స్థితి ఉండదని భానుమూర్తి ముందే తేల్చాడు.

జీపు డ్రైవరు లోకనాథానికి టైఫాయిడ్ వచ్చి తొమ్మిది రోజులు రాలేదు. విరామం మరీ సాగితే వనరుల పొదుపు కోసం వినష్టం చెయ్యవచ్చని ఆరో అంశం. పదో రోజు అతను నీరసంగా వచ్చేసరికి తన సంతాప సభే జరుగుతోంది. ఎవరూ లేవడానికి లేదు గనక కూర్చునే మౌనం పాటిస్తున్నారు. అతనొక్కడికే కుర్చీ లేక చివర్న నిలబడి, సభలో పద్ధతిగా మౌనం పాటించినవాడు అతనే అనిపించుకున్నాడు. తర్వాత భానుమూర్తి అతన్ని ఓదార్చి, చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి కారుణ్య నియామకం ఉంటుందని, దగ్గరి బంధువు దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పాడు. నాకన్నా నాకు దగ్గరివాడు ఎవడున్నాడండీ అని లోకనాథం తనే పెట్టుకున్నాడు. బంధుత్వం అన్న గడిలో 'తనే' అని రాశాడు. అది పరిశీలనలో ఉండగా జీపు షెడ్డులో ఉండిపోయింది.

సున్నాలు మాత్రం ఆగలేదు. వాటికి కారణం లస్కర్ల అజాగ్రత్త అని తేల్చి, ఎక్కువ సున్నాలు పంపినవాళ్ళకి మెమోలు ఇచ్చారు. ఆ మెమోలు టైపు చేసింది సన్యాసిరావు కంప్యూటర్లోనే. అన్నిటికన్నా పైన ఉన్న పేరు నల్లబంద చెరువు లస్కరు బెవర గౌరునాయుడిది. సన్యాసిరావు ఆ పేరు కొడుతున్నంతసేపూ తెర మీద అక్షరాలు మాత్రమే చూశాడు. ఆగస్టు వెళ్ళిపోగానే, పర్మినెంటు కాగితం చేతికందగానే, ఆ నాలుగు పంక్తులూ రాసేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. తనకి తాను పెట్టుకున్న ఒట్టు కాబట్టి ఎవరూ సాక్ష్యం లేరు.

ఆగస్టు ఇరవై తొమ్మిది వచ్చింది. అంతకుముందు మూడు రోజులుగా వాయుగుండం, వాన కుండపోతగా పడుతోంది. సన్యాసిరావు పొద్దున్న తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నాడు. రెండు నెలల కష్టం ఇంకో ఎనిమిది గంటల్లో ఫలించబోతోంది. పెట్టెలో తెచ్చుకున్న పెరుగన్నం కుర్చీలోనే తిన్నాడు, నీళ్ళు తాగలేదు. మూడున్నరకి తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. తలమీదున్న గోనెసంచి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఫోనుని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి చొక్కా లోపల దాచుకున్నాడు.

"నాను గౌరునాయుడినండి, నల్లబంద లస్కరుని. బంద నిండిపోనాది బాబూ. కొలతరాయి మునిగిపోనాది. గట్టు ఒక కాడ మెత్తబడిపోనాది, కాలెడితే దిగిపోతన్నాది. తూము తియ్యమని ఆర్డరు కాయితం ఇప్పించండి. తాళాలు ఇంజనీరుగారి కాడున్నాయి, కాయితం లేకుండా ఇవ్వనన్నారు."

భానుమూర్తి కుర్చీలోంచే కంప్యూటరు వైపు చూశాడు. "నల్లబంద ఈ ఉదయం సున్నా. ఎండిన చెరువుకి తూము తెరుచుట ఏ నిబంధన?"

"సున్నా ఏటండి, నాను పదారు కొట్టినాను. నిన్న పదిహేను కొట్టినాను. రోజూ ఏడింటికి మా అమ్మి అత్తోరింటికాడ నుంచి ఫోన్ చేస్తాది, మాటాడేసి నొక్కుతాను. సున్నా ఎలగెళ్తందో నాకు తెలీదు. గట్టు కింద రెండూళ్ళున్నాయి బాబూ, ఊళ్ళోళ్ళకి చెప్పినాను గానీ ముసిలోళ్ళు కదల్రు."

"గౌరునాయుడూ, నీవు నీ చెరువు విడిచి వచ్చితివి. అనగా నీవు విరామమున ఉన్నావు. విరామమున ఉన్నవారి మాట వ్యవస్థకు వినబడరాదు" అన్నాడు భానుమూర్తి. కఠినంగా అనలేదు. వర్షంలో వచ్చిన మనిషి మీద ఆయనకి నిజంగానే జాలి ఉంది. ఆ జాలికి మాత్రం అంశం లేదు.

గౌరునాయుడు గోనెసంచి తీసి పక్కన పెట్టాడు. ఎవరివైపు చూడాలో తెలియక సన్యాసిరావు వైపు చూశాడు. "మీరు ఫోనులాయన కదా బాబూ? నెల కిందట మెమో ఇచ్చినారు నాకు. అప్పట్నించి అంకె కొట్టినాక, అమ్మి ఫోను రాకముందే నాలుగుసార్లు సూసుకుంటన్నాను. అయినా సున్నాయే వస్తందంటన్నారు. నా సెయ్యికే ఏదో అయిపోనాదని ఆసుపత్రికెళ్ళి సూపించుకున్నాను. డాక్టరేమో బాగానే ఉందన్నాడు" అని కుడిచెయ్యి చాపి, వేళ్ళు ముడిచి తెరిచి చూపించాడు.

సన్యాసిరావు ఆ చెయ్యి చూశాడు. సిగ్గు వేసింది. జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డాడు గానీ, అవన్నీ ఎవరైనా చూస్తారేమో అని పడ్డవి. ఇది అలాంటిది కాదు. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఇంకో గంటా ఇరవై నిమిషాలు. ఐదు దాటాక చెప్పొచ్చు కదా అని అతనిలో ఒకడు మెల్లగా అన్నాడు. ఐదు దాకా ఆ గట్టు ఆగుతుందా అని ఇంకొకడు అడిగాడు.

సన్యాసిరావు కుర్చీలోంచి లేచాడు. స్టోరువాళ్ళు వచ్చి కుర్చీ పట్టుకుపోతుంటే వెనక్కి చూడకుండా మెట్లెక్కి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, నల్లబంద గట్టు తెగేలా ఉంది. సున్నాలు లస్కర్ల తప్పు కాదు సార్, నా..."

డైరెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. "ఇప్పుడు మీరు ఏ స్థితిలో ఉన్నారు?"

"విరామం సార్."

"అయితే నాకు వినబడలేదు. సక్రియులై రండి."

మళ్ళీ కిందికి దిగాడు. భానుమూర్తి చేరిక రిపోర్టు కాగితం ముందుకి తోసి, మొదటిసారి మామూలు తెలుగులో మెల్లగా అన్నాడు. "సన్యాసిరావూ, ఆలోచించుకో. ఇది రాశావంటే ఐదేళ్ళూ పోయినట్టే. విరామంలో ఉన్నంతసేపు ఇంకా ఏదో ఒక వాదన చెయ్యొచ్చు. నువ్వే సంతకం పెడితే నేనేం చెయ్యలేను."

సన్యాసిరావు కాగితం తీసుకుని, నిలబడే రాశాడు. ఆగస్టు ఇరవై తొమ్మిది, మధ్యాహ్నం మూడు యాభై రెండు నిమిషాలకు విధులలో చేరితిని. సంతకం పెట్టాడు. ఆకుపచ్చ బిళ్ళ మెడలో వేసుకుని మళ్ళీ మెట్లెక్కాడు.

ఈసారి డైరెక్టరు గారు విన్నారు. గట్టు సంగతి విన్నారు, ఫోను మోగే సంగతి విన్నారు, పద్నాలుగు సున్నా అయ్యే సంగతి విన్నారు. "మరి ఆ మూడు గుండ్రాలో?" అన్నారు.

"అవి నిజమే సార్. రెండో గుండ్రంలో నేను రాయాల్సింది రాయలేదు. దాచుకోవాల్సింది దాచుకోమని రాయాలి. బద్ధకించాను."

"అంటే నా ఉత్తర్వులో నాలుగో అంశం..."

"అది నా బద్ధకమే సార్."

రాష్ట్రమంతా అమలు చెయ్యాలని పైకి పంపిన ప్రతిపాదన డైరెక్టరు గారికి గుర్తొచ్చి ఉంటుంది. చివరికి ఆయన అడిగింది ఒక్కటే. "తూము తెరిచాక నీళ్ళు వృథా అయ్యాయని రేపు ఎవరైనా అంటే బాధ్యత ఎవరిది?"

"నాది సార్. రాసిస్తాను."

ఆ మాట వినగానే డైరెక్టరు గారి పెన్ను కదిలింది. ఆయన అంత వేగంగా సంతకం పెట్టడం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. లోకనాథం, ఇంకా వినష్ట స్థితిలోనే ఉన్నా, షెడ్డులోంచి జీపు తీశాడు. చనిపోయినవాడి మీద ఇంకేం చర్య తీసుకుంటారన్న ధైర్యం అతనిది. కాగితం పట్టుకుని ఇంజనీరు దగ్గరికీ, అక్కడినుంచి తాళాలతో నల్లబందకీ దూసుకుపోయాడు. ఐదుంబావుకి అక్కడినుంచి ఫోనొచ్చింది. తూము తీశారు, నీళ్ళు దిగుతున్నాయి, మెత్తబడ్డ చోట ఊళ్ళోవాళ్ళు ఇసుక బస్తాలు వేస్తున్నారు.

అప్పటికి ఆఫీసు నిద్రపోయే వేళ దాటింది. కానీ ఎవరూ ఇంటికెళ్ళలేదు. హైమావతి గారు ఎక్కణ్ణుంచో టీ తెప్పించారు, అందరూ కుర్చీల్లోంచి లేచి, నిలబడి తాగారు. సన్యాసిరావు ఒక్కడే కంప్యూటరు ముందు స్టూలు వేసుకుని ఆ నాలుగు పంక్తులూ రాశాడు. అనుకున్నట్టే పావుగంట పట్టింది. ఇంజనీరు మనుషులకి జీపులో చోటు కావాలని ఆఫీసులోనే ఆగిపోయిన గౌరునాయుడి ఫోనులో కొత్త ప్రోగ్రాము ఎక్కించి అతని చేతికిచ్చాడు.

"పదారు కొట్టు గౌరునాయుడూ. నేను మధ్యలో ఫోన్ చేస్తాను. మాట్లాడేసి చూడు."

గౌరునాయుడు ఒక్కో మీటా జాగ్రత్తగా నొక్కాడు. ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుగా రెండడుగుల దూరంలో ఉన్న సన్యాసిరావుతో, "ఆ బాబూ, సెప్పండి" అన్నాడు. "వాన తగ్గిందా?" అన్నాడు సన్యాసిరావు. "తగ్గుతన్నాదండి" అని పెట్టేసి తెర వంక చూశాడు గౌరునాయుడు. ఇంకోసారి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పదారే ఉన్నాది."

"ఉంటుంది."

"అయితే తప్పు నా సెయ్యిది కాదన్నమాట."

"కాదు" అన్నాడు సన్యాసిరావు.

గౌరునాయుడు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన మెమో తీశాడు. వానకి అంచులు నానిపోయి ఉంది. నెల రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని దాని అడుగున ఉంది, కింద సంతకానికి చోటుంది. "మరి దీనికేటి రాయాలండి? నాకు రాయడం రాదు, ఏలిముద్రేస్తాను. ఎక్కడెయ్యాలో సూపించండి."

సన్యాసిరావు ఆ కాగితం తీసుకుని బల్ల మీద పరిచాడు. మడతలు అరచేత్తో సాపు చేసి, సంజాయిషీ అన్నచోట తప్పు నాదని రాశాడు. సంతకం చోట గౌరునాయుడి పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. పేరు కింద సర్వీసు ఎంతో వెయ్యాలని ఒక గడి ఉంది. గడియారం చూసి, ఒక గంటా నలభై ఎనిమిది నిమిషాలు అని నింపాడు.